పొయ్యి దగ్గర నెరిసిన తల

హైదరాబాద్ బిర్యానీ హోటళ్లలో బల్లల మధ్య చురుకుగా తిరిగే యువకులు మనకు కనిపిస్తారు. వెనుక వంటశాలలో కట్టెల పొయ్యి మీది దేగ్ అంచును పిండితో మూసి, ఆవిరి వాసనను బట్టి దమ్ పూర్తయిందో లేదో చెప్పగల ఉస్తాద్ కనిపించడు. ఆ నేర్పు గలవారిలో నేడు తల నెరిసినవారే ఎక్కువ. వడ్డించేవారు పిన్నలు, వండేవారు పెద్దలు. నడుమ ఉండవలసిన ముప్పై, నలభై ఏళ్లవారు పలుచబడిపోయారు. కొందరు 1970ల నుండి సాగుతున్న బాటలోనే గల్ఫ్ వంటశాలలకు వెళ్లారు. మరికొందరు వంటపని వదలి ఆటో పట్టారు, లేదా డెలివరీ బండి ఎక్కారు.

ఒకప్పుడు ఈ విద్య పసితనంలోనే మొదలయ్యేది. పదేళ్ల పిల్లవాడు కప్పులు కడగడానికి చేరి, ఉల్లిపాయలు తరిగి, మసాలా నూరి, ఎన్నో ఏళ్లకు గాని దేగ్ దగ్గరకు రాలేకపోయేవాడు. 2006 అక్టోబరు 10 నుండి హోటళ్లలో, ధాబాలలో 14 ఏళ్లలోపు పిల్లలను పనికి పెట్టడాన్ని ప్రభుత్వం నిషేధించింది. నిషేధించవలసిందే. బడి ఈడు పిల్లవాని చేతిలో ఎంగిలి పళ్లెం ఏ కుటుంబానికీ గౌరవం కాదు. అయితే పద్దెనిమిదేళ్ల యువకుడు జీతం తీసుకుంటూ పని నేర్చుకొనే మార్గాన్ని చాలా హోటళ్లు కల్పించలేదు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివినవారు స్టార్ హోటళ్ల వైపు, విదేశాల వైపు చూస్తారే తప్ప పాతబస్తీ పొయ్యి వైపు చూడరు.

ఈ పని శరీరాన్ని ఎంతగా అరగదీస్తుందో రమజాన్‌లో హలీమ్ భట్టీ దగ్గర నిలబడితే తెలుస్తుంది. గోధుమ, మాంసం ఏకమయ్యేవరకు పొడుగాటి కర్ర ఘోట్నీలతో గంటల తరబడి దంచాలి. భుజబలం యువకులది, పాకం తెలిసిన కన్ను పెద్దవారిది. మోకాళ్లు, నడుము సహకరించని నాడు ఆ పెద్దాయనకు మిగిలేదేమిటి? పక్కన ఘోట్నీ పట్టిన యువకుడు గమనిస్తున్నది దీనినే. తక్కువ జీతం కంటే ఎక్కువగా అతనిని తరుముతున్నది ఉస్తాద్ వృద్ధాప్యమేనని నా అభిప్రాయం.

ఇరవై మంది, అంతకు మించి పనిచేసే హోటల్‌కు భవిష్య నిధి చట్టం వర్తిస్తుంది. పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు పింఛను హక్కు లభిస్తుంది. కానీ మన వంటవారు తరచు హోటళ్లు మారుతారు. మారినప్పుడల్లా పెళ్లి ఖర్చుకో, అప్పుకో సొమ్ము తీసివేస్తారు. ముప్పై ఏళ్లు పొయ్యి దగ్గర నిలిచినా కాగితం మీద పదేళ్లు పూర్తి కావు. పెళ్లి వంటలకు కూలికి వెళ్లేవారికైతే ఆ కాగితమూ లేదు.

అటల్ పింఛను పథకంలో 18 ఏళ్లకు చేరినవారు నెలకు 210 రూపాయలు కడితే అరవై తర్వాత నెలకు 5,000 వస్తాయి. 40 ఏళ్లకు చేరితే అదే పింఛనుకు 1,454 కట్టాలి. నలభై దాటితే ప్రవేశమే లేదు. వడ్డీ విషయమై సందేహం గలవారు నమ్మకమైన ఆలిములను అడిగి నిర్ణయించుకోవాలి. అడగకుండానే నలభై దాటించుకోవడం మాత్రం తెలివి కాదు.

వంటవారి ఇళ్లలో భార్యాబిడ్డలు నేడే చేయగల పని ఒకటుంది. ఆయనకు పన్నెండు అంకెల యూఏఎన్ ఉందో లేదో, పాత హోటళ్ల సర్వీసు అందులో కలిసిందో లేదో చూడండి. హోటల్ యజమానులైన పాఠకులు దేగ్ దించే పని యువకులకు, రుచి చూసి నేర్పే పని ఉస్తాద్‌కు అప్పగించాలి. నేర్పినందుకూ జీతం కట్టాలి. కొత్తగా వచ్చిన కుర్రవాని పేరు మొదటి రోజే హాజరు పట్టీలోకి ఎక్కాలి.