ముందు గదిని చూడండి... ఆ తర్వాతే ఊరిని!

తెల్లవారుజామున రైలు దిగి తిరుపతిలో లాడ్జికి చేరిందో కుటుంబం. తాళం తీయడమే ఆలస్యం... నాన్న మంచం మీద వాలిపోయాడు. అమ్మ సంచిలో సబ్బు వెతుకుతోంది. తాతయ్య దర్శనం టిక్కెట్లు సరిచూసుకుంటున్నారు. ఇంతలో రెండేళ్ల బుజ్జిగాడు బాత్‌రూమ్‌లో దూరాడు. నీళ్లు పోయే జాలీ మీద తెల్లగా, గుండ్రంగా కనిపించినదాన్ని నోట్లో పెట్టుకోబోతుంటే అమ్మమ్మ చూసి లాగేసింది. అది పిప్పరమెంటు కాదు, కలరా ఉండ!

ఇంట్లో ఏది ఎక్కడ ప్రమాదమో పెద్దలకు తెలుసు. ఒక్కొక్కటీ పిల్లలకు అందకుండా ఎప్పుడో పైన పెట్టేసి ఉంటారు. లాడ్జి గది అలా కాదు. అందుకే సంచులు విప్పకముందే ఓ పది నిమిషాలు కేటాయించాలి. ఒకరు బిడ్డను ఎత్తుకుంటే, మరొకరు నేల మీద కూర్చుని బిడ్డ కంటి ఎత్తులో గదంతా చూడాలి. నిలబడితే కనిపించని పాత బ్లేడూ, మంచం కింద ఎవరో పారేసుకున్న మాత్రా అప్పుడు కనిపిస్తాయి.

బాత్‌రూమ్‌తో మొదలు

కలరా ఉండలు, ఫినాయిల్, యాసిడ్ సీసా ఉంటే రూమ్‌బాయ్‌ని పిలిచి తీయించేయాలి. బకెట్లో నీళ్లు నిల్వ ఉంచకూడదు. తొంగిచూస్తూ తలకిందులుగా పడ్డ పసివాళ్లు పైకి లేవలేరు. కొద్దిపాటి నీళ్లయినా ప్రాణం తీస్తాయి. వాడాక బకెట్ బోర్లించడమే మంచిది.

అరకు లాంటి చలిచోట్ల గీజరు తప్పదు. 60 డిగ్రీల నీళ్లు పడితే కొన్ని క్షణాల్లోనే లేతచర్మం కాలిపోతుంది. ముందు చన్నీళ్లు పట్టి, తర్వాతే వేడినీళ్లు కలపాలి. పిల్లలు లోపలికెళ్లి గడియ పెట్టుకోకుండా తలుపు పైఅంచున మందపాటి తువ్వాలు వేస్తే చాలు, తలుపు పూర్తిగా మూసుకోదు.

సముద్రం కనిపించే బాల్కనీ

వైజాగ్ వెళితే బీచ్ వైపు గదే కావాలనిపిస్తుంది. కానీ బాల్కనీలోని ప్లాస్టిక్ కుర్చీ పిల్లలకు నిచ్చెన! కుర్చీలు, టీపాయ్ లోపలికి తెచ్చి, తలుపుకి పైగడియ వేయాలి. రెయిలింగ్ కమ్మీల మధ్య సందు 10 సెంటీమీటర్లు దాటితే చిన్నపిల్లలు జారిపోయే ప్రమాదం ఉంది. గది బుక్ చేసేటప్పుడే కింది అంతస్తు అడిగితే సగం బెంగ తీరుతుంది.

చిన్న బిళ్ల... పెద్ద ముప్పు

దోమల మందు మిషన్, వేడినీళ్ల కెటిల్, దాని వేలాడే వైరు... అన్నీ పైకి చేరాలి. చిన్న రిమోట్లలో, ఆటబొమ్మల్లో గుండీలా ఉండే బ్యాటరీ మరీ ప్రమాదం. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. బామ్మ చేతిసంచిలోని షుగర్ మాత్ర ఒక్కటి మింగినా పసివాళ్ల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. పెద్దల మందుల సంచీ అల్మరా పైఅరలోనే ఉండాలి.

పడుకునేటప్పుడు

రెండు మంచాలు జరిపి వేస్తే మధ్య సందులో, గోడ పక్కన ఖాళీలో పిల్లలు ఇరుక్కుంటారు. పరుపు నేల మీద వేయించుకుంటే ఆ భయం కొంత తగ్గుతుంది. ఏడాదిలోపు బిడ్డ చుట్టూ దిండ్లు పేర్చకూడదు. ముఖానికి అడ్డుపడితే ఊపిరాడదు.

ఇన్ని చేసినా ఒకటి మిగులుతుంది. గదిలో ఆరుగురు పెద్దలుంటే బిడ్డను వేరెవరో చూస్తున్నారులే అని ఎవరికి వారే అనుకుంటారు. అందుకే 'స్నానాలయ్యేదాకా పిన్ని, తర్వాత నాన్న' అని పైకి చెప్పుకోవాలి. దగ్గర్లో ఆస్పత్రి ఎక్కడో రిసెప్షన్‌లో అడిగి ఉంచుకోవాలి. అవసరమైతే 108 ఉండనే ఉంది.

దర్శనం ఓ గంట ఆలస్యమైనా ఫర్వాలేదు. బుజ్జిగాడు నవ్వుతూ ఇంటికి రావడమే అసలైన యాత్రాఫలం!