పేజీ వెనక రాత

తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. దాంట్ల ఏ ఊరి పేజీ చూసినా శీర్షికలు పెద్దగా, అక్షరాలు ముద్దుగా కనబడతయి. దిద్దడానికి మూలపాఠ్యం తెరిస్తే మాత్రం వేరే రాత! శీర్షికకు అటూ ఇటూ రెండేసి సమానం గుర్తులు, లావు అక్షరాలకు మూడేసి చిన్న కామాల వంటి గీతలు పైన. మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్ ఆ గుర్తులను చూసి మనం చదివే పేజీ తయారు చేస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎట్ల వాడాలో చెప్పే సహాయం పేజీలు కూడా ఇట్లనే రాసినవే.

ప్రింటు తీసిన కాగితం మీద తప్పు దిద్దితే ఆ కాగితం ఒక్కటే బాగైతది. మూలంలో దిద్దితే తర్వాత చదివేటోళ్లందరికీ సరైనదే దొరుకుతది.

మా తండాల పేర్లు బయటోళ్లు రాస్తే తరచుగా తప్పుపోతయి. అవి ఎట్ల పలకాలో మా అమ్మకు బాగా తెలుసు, గాని ఆమెకు చదువు రాదు. అందుకే ఆ గుర్తులు ముందు నేను నేర్చుకుంటున్న.