వలసపోయినోళ్లకు మ్యూజియం కట్టిన రేవు

మా ఎల్లారెడ్డికి సముద్రం చాలా దూరం. చిన్నప్పుడు నిజాంసాగర్ నిండితే అదే సముద్రం అనుకునేటోళ్లం. మంజీర మీద 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు గేట్లు ఎత్తారంటే చాలు, కామారెడ్డి నుంచి కూడా బండ్లేసుకుని జనం వచ్చేవారు. అట్లాంటి చోటి నుంచి మిలాన్‌కు చదువుకోను వచ్చిన నన్ను, ‘ఇటలీలో ఏ ఊరు చూడాలన్నా?’ అని తమ్ముళ్లు వాట్సాప్‌లో అడుగుతుంటారు. రోమ్, వెనిస్ గురించి చెప్పడానికి వెయ్యి రీల్స్ ఉన్నాయి. నేను చెప్పేది జెనోవా.

జెనోవా పెద్ద రేవు పట్నం. మధ్యధరా సముద్రం మీద ఒకప్పుడు వెనిస్‌తో సై అంటే సై అన్న ఊరు. రెండు రోజులు తిరిగితే నాకు అక్కడ మన తెలుగు నేల గురించిన ఏడు వందల ఏళ్ల నాటి ముచ్చట ఒకటి దొరికింది. మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ఊళ్లకు బాగా తెలిసిన బాధ కూడా ఒకటి దొరికింది.

సందులే సందులు

మిలాన్‌లో రైలెక్కితే రెండు గంటలలోపే జెనోవా పియాజ్జా ప్రిన్సిపె స్టేషన్. బయటకు రాగానే క్రిస్టఫర్ కొలంబస్ విగ్రహం. ఇండియాకు దారి వెతుకుతూ వెళ్లి అమెరికా తీరం చేరిన ఆయన 1451లో పుట్టింది ఈ ఊళ్లోనే.

ముందు సముద్రం, వెనకే కొండ. మధ్యలో ఉన్న కాస్త జాగాలోనే ఊరంతా. అందుకే ఇళ్లు ఆరేడు అంతస్తులు, సందులు మాత్రం రెండు చేతులు చాపితే అటూ ఇటూ గోడ తగిలేంత. ఈ సందుల్ని ‘కరుజ్జి’ అంటారు. గూగుల్ మ్యాప్ కూడా ఇక్కడ తికమక పడుతుంది. కొండ మీది వీధులకు పోవడానికి లిఫ్టులు, తాడుతో లాగే రైళ్లు ఉన్నాయి. మనం సిటీ బస్సెక్కినట్టు వాళ్లు లిఫ్టు ఎక్కుతారు.

సందుల మధ్యలో నల్లరాయి, తెల్లరాయి చారలతో శాన్ లొరెంజో చర్చి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ నౌకలు ఊరి మీద గుండ్లు కురిపించినప్పుడు ఒకటి ఈ చర్చి లోపలికి దూసుకొచ్చింది. పేలలేదు. అట్లాంటి గుండు ఒకటి ఇప్పటికీ లోపల నిలబెట్టి ఉంచారు. రేవు దగ్గర సుమారు 76 మీటర్ల ఎత్తున్న ‘లాంతెర్నా’ దీపస్తంభం ఉంది. ఇప్పుడున్న కట్టడం 1543 నాటిది. రాత్రి ఓడలకు అదే గుర్తు.

జైల్లో పుట్టిన మన రాణి కథ

రేవుకు ఎదురుగా, గోడల నిండా రంగు బొమ్మలతో పలాజ్జో శాన్ జోర్జో అనే భవనం ఉంది. 1260లో కట్టారు. ఇప్పుడది రేవు అధికారుల ఆఫీసు. ఒకప్పుడు కస్టమ్స్ ఆఫీసు, బ్యాంకు, కొన్నాళ్లు జైలు కూడా. వెనిస్ వ్యాపారి మార్కో పోలోను బంధించింది ఇక్కడేనని ఊరి జనం చెప్పుకుంటారు.

వెనిస్‌కూ జెనోవాకూ జరిగిన పోరులో పోలో జెనోవా వాళ్లకు చిక్కాడు. 1298లో ఆయన జైల్లో ఉన్నాడు. పక్కన మరో ఖైదీ, పీసా ఊరికి చెందిన రచయిత రుస్తికెల్లో. పోలో తన ఇరవై నాలుగేళ్ల తిరుగుడు గురించి చెబుతూ పోయాడు, ఆయన రాస్తూ పోయాడు. అట్లా పుట్టిన పుస్తకమే యూరప్ మొత్తాన్ని తూర్పు దేశాల పిచ్చిలో పడేసింది.

ఆ పుస్తకంలో ‘ముత్‌ఫిలి’ అనే రాజ్యం ఉంది. అదే మన మోటుపల్లి. ఇప్పటి బాపట్ల జిల్లాలో, చినగంజాం దగ్గర సముద్రపు ఒడ్డున ఉంది. కాకతీయుల పెద్ద రేవు. ఒక రాణి నలభై ఏళ్లుగా ఆ రాజ్యాన్ని న్యాయంగా ఏలుతోందనీ, అక్కడ వజ్రాలు దొరుకుతాయనీ, సాలెగూడంత సన్నటి బట్టలు నేస్తారనీ పోలో చెప్పాడు. ఆ రాణి ఎవరో మనకు తెలుసు కదా. రుద్రమదేవి! చనిపోయిన రాజు భార్య అని పోలో అనుకున్నాడు. నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు. పోలో ఈ తీరం దాటేనాటికి ఆమె లేదు కూడా. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం ప్రకారం 1289లోనే కన్నుమూసింది. అందుకే ఆయన మోటుపల్లిలో నిజంగా దిగాడా, నావికుల నోట విన్నాడా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు.

ఆ రేవుకు అంత పేరు ఊరికే రాలేదు. తుపానులో కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే కాలమది. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. ‘మీ సరుకు మీదే, ముప్పైలో ఒక వంతు సుంకం కడితే చాలు’ అని వర్తకులకు భరోసా ఇచ్చాడు. దూరం నుంచి వచ్చినోడిని దోచుకోవద్దు అనే మాటను రాతి మీద చెక్కించిన రాజు మనోడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు మళ్లీ అవసరం పడుతుంది.

మీ జీన్స్ పేరు ఇక్కడిదే

జెనోవాను ఫ్రెంచి వాళ్లు ‘జెన్’ అంటారు. ఇక్కడి నుంచి ఓడల్లో పోయిన ముతక బట్టకు ఆ ఊరి పేరే పడి, ఇంగ్లిష్‌లో ‘జీన్’ అయింది. అదే మనం వేసుకునే జీన్స్. ఇక్కడి డయోసిసన్ మ్యూజియంలో 16వ శతాబ్దం నాటి నీలి బట్టలున్నాయి. వాటి మీద క్రీస్తు కథను తెల్లరంగుతో గీశారు. మన ప్యాంట్లకు అవి తాతముత్తాతలన్నమాట.

తిండికీ మనకు ఇబ్బంది లేదు. ‘ఫరినాతా’ అంటే శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్లెంలో పోసి పొయ్యిలో కాల్చిన అట్టు. మీద కొంచెం మిరియాల పొడి చల్లుకుంటే ఇంటి మీద బెంగ సగం తీరుతుంది. ‘పెస్తో’ ఇక్కడిదే. తులసి కుటుంబానికే చెందిన బాసిల్ ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, చీజ్, నూనె వేసి రాతి రోట్లో నూరుతారు. చూస్తుంటే అమ్మ పచ్చడి నూరినట్టే ఉంటుంది.

‘లా మెరికా’ పోయినోళ్లు

ఇక అసలు సంగతి. జెనోవా అంటే ఇటలీ జనానికి ముందు గుర్తొచ్చేది కొలంబస్ కాదు, వీడ్కోలు. 1876 నుంచి 1915 దాకా సుమారు కోటీ నలభై లక్షల మంది ఇటలీ విడిచిపోయారు. వాళ్లలో లక్షల మంది ఓడెక్కింది ఈ రేవులోనే. అందరూ మనలాంటి రైతులు, కూలీలే. భూమి చాలక, అప్పు తీరక అమెరికా, అర్జెంటీనా, బ్రెజిల్ పోయారు. అమెరికాను వాళ్ల యాసలో ‘లా మెరికా’ అనేవారు. మనోళ్లకు గల్ఫ్ మొత్తం ‘దుబాయ్’ అయినట్టు!

రేవులోని గలాతా సముద్ర మ్యూజియంలో ఒక భాగమంతా వీళ్లదే. మూడో తరగతి ప్రయాణికులు వారాల తరబడి గడిపిన ఓడ గదుల నమూనా కట్టారు. ఇనుప మంచాలు ఒకదాని మీద ఒకటి. అది చూడగానే మా చిన్నాయన ఫొటో గుర్తొచ్చింది. ఒకే గదిలో పన్నెండు మంది, మూడంతస్తుల మంచాలు, మధ్యలో స్టవ్వు. పద్నాలుగేళ్లు అక్కడే ఉన్నడు.

దగ్గర్లోనే ‘కొమ్మెందా ది ప్రే’ ఉంది. 1180లో యాత్రికుల కోసం కట్టిన సత్రం. 2022లో అక్కడ ఇటాలియన్ వలసల జాతీయ మ్యూజియం పెట్టారు. రాజుల కిరీటాలు ఏమీ లేవు. మామూలు మనుషుల ఉత్తరాలు, డైరీలు, ఫొటోలు, పాటలు, వాళ్ల గొంతులు. మగవాళ్లు పోయాక ఊళ్లో మిగిలిన ఆడవాళ్లను ‘వెదోవె బియాంకె’ అనేవారట. తెల్ల వితంతువులు అని అర్థం. భర్త బతికే ఉంటాడు, ఇంట్లో మాత్రం ఉండడు. అది చదివి కాసేపు అక్కడే నిలబడిపోయిన. మా వాడకట్టులో బీడీలు చుట్టుకుంటూ పిల్లల్ని పెంచిన అమ్మలు ఎంతమంది! వాళ్లకు మనం కనీసం ఒక పేరు కూడా పెట్టలేదు.

మోసాలూ అవే. అక్కడ కూడా ఏజెంట్లు ఊరూరా తిరిగి, అప్పు మీద టికెట్లు అంటగట్టేవారు. గోల ఎక్కువయ్యాక 1901లో ఇటలీ చట్టం తెచ్చింది. వలసదారుల కోసం ప్రత్యేక కమిషనరేట్ పెట్టి, లైసెన్సున్న ఓడ కంపెనీలే టికెట్లు అమ్మాలంది. మనకూ 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. లైసెన్సు లేని ఏజెంట్ల చేతిలో పడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా వాడకట్టులో ఒకాయన ‘కంపెనీ వీసా’ అని నమ్మి పోయి, ఎడారిలో ఒంటెలు కాసిండు. పారిపోయి ‘ఖల్లివెల్లి’ అయి, రెండేళ్లు దొంగచాటుగా పనిచేసి, ఉత్త చేతులతో తిరిగొచ్చిండు. దూరం పోయినోడికి అభయం ఇచ్చే శాసనం మోటుపల్లి రాతి మీదే ఆగిపోయినట్టుంది.

మ్యూజియం బయట వియా ప్రే వీధిలో ఇప్పుడు సెనెగల్, ఈక్వెడార్, బంగ్లాదేశ్ వాళ్ల దుకాణాలు. సిమ్ కార్డు కోసం ఒక బంగ్లాదేశీ షాపులోకి పోతే, ఆయన హిందీలో ‘ఎక్కడి నుంచి భాయ్?’ అన్నాడు. తెలంగాణ అన్నాను. ‘నిజామాబాద్ వాళ్లా? షార్జాలో నా రూమ్‌లో నలుగురు ఉండేవారు. మీ పప్పు చారు నాకు వచ్చు’ అని నవ్వాడు. ఒకప్పుడు జనాన్ని పంపిన రేవు, ఇప్పుడు జనం వచ్చి చేరే రేవు అయింది.

వెళ్లాలనుకుంటే

షెంగెన్ వీసా ఉంటే చాలు. ఏప్రిల్, మే లేదా సెప్టెంబర్‌లో వెళ్తే ఎండ తక్కువ. పాత ఊరు నడిచే చూడాలి, కాబట్టి మంచి బూట్లు వేసుకోండి. గలాతా మ్యూజియానికి సగం రోజు పెట్టుకోండి. దాని ముందే నీళ్లలో ఉన్న నాజారియో సౌరో జలాంతర్గామి లోపలికి కూడా పోవచ్చు. సాయంత్రం బొక్కదాస్సె అనే జాలరి వాడకు వెళ్లి ఒడ్డున కూర్చోండి. రంగురంగుల ఇళ్లు ఉన్నాయి, ఫొటోలు బాగా వస్తాయి.

మన రుస్తికెల్లో ఎవరు?

1970ల నుంచి మన ఉత్తర తెలంగాణ గల్ఫ్ పోతూనే ఉంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టూ ఏ ఊరు తీసుకున్నా ఆ సొమ్ముతో లేచిన ఇల్లు ఒకటుంటుంది, ఆ అప్పుతో కూలిన ఇల్లు ఒకటుంటుంది. ఫోన్లు లేని రోజుల్లో చిన్నాయన తన మాటలు క్యాసెట్లో నింపి, సెలవు మీద వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేటోడు. చిన్నమ్మ దగ్గర మూడు క్యాసెట్లు ఉండేవి. ఇల్లు మారినప్పుడు పోయినయి. ఎడారి ఎండ, సేఠ్ తిట్లు, పండక్కి ఇంటిమీద బెంగ, అన్నీ వాటితోనే పోయినయి.

మార్కో పోలో కన్నా ముందు, తర్వాత ఎందరో వర్తకులు మోటుపల్లి చూసి ఉంటారు. మనకు తెలిసింది ఆయన ఒక్కడి మాట. కారణం, పక్కన రాసేవాడు ఒకడు ఉన్నాడు. మ్యూజియం కట్టడానికి ప్రభుత్వం కావాలి, కోట్లు కావాలి. రాసిపెట్టుకోవడానికి అంత అక్కర్లేదు. మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనే రికార్డర్ ఉంది. ఈ ఆదివారం దుబాయ్ నుంచి తిరిగొచ్చిన మీ పెద్దనాయన పక్కన కూర్చుని, ‘మొదటిసారి విమానం ఎక్కిననాడు ఏమైంది?’ అని ఒక్క మాట అడిగి చూడండి.