మంచి సూక్ష్మజీవి సరే, ఏ సూక్ష్మజీవి?

"పెరుగులో ఉండే మంచి సూక్ష్మజీవులే గదా, ప్రోబయోటిక్ పాకెట్టు పసిపిల్లలకి పట్టేద్దామా?" మాకవరపాలెం కుర్రోళ్లు నన్ను అడుగుతుంటారు. జవాబు పక్కనున్న ఒడిశాలో ఉంది.

డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం 149 పల్లెల్లో 4,556 మంది పసిగుడ్లని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకి 7 రోజులు లాక్టోబాసిల్లస్ ప్లాంటారం, దానికి మేతగా ఓ రకం చక్కెర. రెండో గుంపుకి మందులేని పొడి. ఎవరికేది పడిందో తల్లులకీ తెలీదు, ఇచ్చినోళ్లకీ తెలీదు. 60 రోజులు సూశారు. ఒంటినిండా ఇన్ఫెక్షన్ పాకే సెప్సిస్, చావులు కలిపి నూటికి 9 నుంచి 5.4కి తగ్గాయి. 2017లో 'నేచర్' పత్రిక అచ్చేసింది.

అలాగని షాపుకి పరిగెత్తకండి. ఆ పిల్లలు రెండు కిలోలకి తగ్గకుండా పుట్టి, తల్లిపాలు తాగుతున్నోళ్లు. పనిచేసింది ఆ ఒక్క రకం. షాపులోది వేరే రకమైతే ఈ లెక్క దానికి చెల్లదు. తరవాణి, పెరుగు మనకి మంచివే గానీ పసిగుడ్డు నోట్లో పెట్టేవి కాదు. ఆర్నెల్లదాకా తల్లిపాలే.

పాకెట్టు కొనేముందు అడగండి: ఏ రకం? ఎంతమందికిచ్చి సూశారు? దేంతో పోల్చారు? బిడ్డ పాలు మానేసినా, ఒళ్లు కాలినా, చల్లబడినా పాకెట్టు కాదు, 108 కావాలి.

ఇలాంటి పరీక్షలు మన పల్లెల్లోనూ జరగాలని సర్కారుని నిలదీయాల్సింది మనమే.