సెల్‌ఫోను - ఛార్జింగు

ఫోనునకు ఛార్జింగు ఎక్కకున్నచో బ్యాటరీ చెడెనని తలంచి క్రొత్తదానికై తొందరపడుదుము. తొలుత తీగను మార్చి చూడవలయును. పిమ్మట రంధ్రమును పరికింపవలయును. బొడ్డున దోపి, చేసంచిలో వైచి తిరుగుటచే నందు నూలుపీచు చేరి గట్టిపడును. ఫోనును ఆపి, పొడి చెక్కపుల్లతో మెల్లగా తీయవచ్చును. సూదిమాత్రము వలదు!

ఇంటికి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును ఛార్జరు మిక్కిలి తగ్గించి, ఒకే దిశను ప్రవహించునట్లు మార్చి ఫోనున కందించును. అంతట బ్యాటరీలోని లిథియం అయానులు గ్రాఫైటు పొరలలోనికి చేరును. నిండవచ్చుకొలది ఫోనే వేగమును తగ్గించుకొనును గావున కడపటి భాగము ఆలస్యమగుట దోషము కాదు.

వేడిమి బ్యాటరీకి పరమశత్రువు. బిడ్డ నిద్రించు పక్కపై, దిండుక్రింద ఛార్జింగు పెట్టుట మాకు బొత్తిగా సమ్మతము కాదు. వీపు ఉబ్బిన ఫోనును నొక్కక, గుచ్చక, మరల తీగకు తగిలింపక బాగుచేయువాని కప్పగింపవలయును.