కాలువ కట్టాక ఏ పని ముందు?

రబీ కోతలు ముగిశాక ధవళేశ్వరం నుంచి నీరు కట్టేస్తే డెల్టా కాలువలు అడుగంటుతాయి. పిల్లలకు చేపల వేట, ఇరిగేషన్ సిబ్బందికి పనుల వేట! ఖరీఫ్‌కు మళ్లీ నీరు వదిలేదాకా ఉండేది కొద్ది వారాలే. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టుకు ఏడాది పొడవునా ఆధారం ఆ కొద్ది వారాల పనే.

పనులకేం కొదవ? పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగాలి, లాకుల తలుపులు బాగుచేయాలి, తూములు కట్టాలి, బలహీనపడిన గట్లకు మట్టి పోయాలి. వీటన్నిటినీ ‘క్లోజర్ పనులు’ అంటూ ఒకే చిట్టాలో రాస్తేనే తంటా. చిట్టా పొడుగ్గా ఉంటే తేలిక పనిమీదికి చెయ్యి ముందు పోతుంది. గట్టుమీద తుప్పలు కొట్టేసరికి మే నెల గడిచిపోతుంది. షట్టరు కూర్చునే అడుగు కాంక్రీటు వచ్చే వేసవికి వాయిదా పడుతుంది. శివారు రైతు మళ్లీ ఇంజను పెట్టి తోడుకోవలసిందే.

నీరు ఆగితే తప్ప చేయలేని పనులు ఒక రకం. రెగ్యులేటరు అడుగు, లాకు తలుపు కింది భాగం, కాలువ గర్భంలోని పూడిక ఈ కోవలోవి. తుప్పలు, గుర్రపుడెక్క, గట్టుపై మట్టి, గేట్లకు గ్రీజు వంటివి నీరు పారుతున్నా చేసుకోవచ్చు. అంచనాలు, టెండర్లు మూడో రకం. కాలువ కట్టకముందే ఇవి పూర్తికాకపోతే మొదటి రకం మొదలే కాదు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన కాటన్ ఆనకట్టకు కూడా నదిలో పని చేయడానికి వీలైనవి నీరు తగ్గిన నెలలే.

పూడికతీతలో ఇంకో తిరకాసుంది. తీసిన మట్టికి ఘనపు మీటర్ల లెక్కన బిల్లు. తవ్వకముందు, తవ్విన తర్వాత అడుగుమట్టం కొలిస్తేనే ఆ లెక్క తేలేది. నీరు వదిలారంటే లెక్క కూడా నీళ్లలో కలిసినట్టే. అందుకే కొలత పనిని పూడికతీతలో కలిపేయక, తేదీ వేసి వేరుగా రాయడం మేలు.

మురుగు కాలువల సంగతి పూర్తిగా వేరు. కోనసీమలో కౌశిక, కూనవరం డ్రెయిన్లయినా, పశ్చిమాన యనమదుర్రయినా కింది నుంచి బాగుపడుతూ రావాలి. సముద్రం వైపు దారి మూసుకుపోయి ఉంటే ఎగువన ఎంత తవ్వినా చేలో నీరు కదలదు. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్ సాగు మానేసి పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతో పాటు మురుగు ముంపునూ వారు ఏకరువు పెట్టారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయవలసి వచ్చింది.

ఇలాంటి పట్టికలకు ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి. పనులు నడిపించే సాఫ్ట్‌వేర్లలో ప్రతి పనికీ ‘రకం’ అని ఒక గడి ఉంటుంది. అన్నిటికీ ‘మరమ్మతు’ అని కొట్టినా యంత్రం కాదనదు. ఆ గడి నింపే మనిషి కాలువ గట్టు ఎక్కి చూశాడా లేదా అన్నదే అసలు ప్రశ్న.

తమ ఊరి కాలువకు మంజూరైన పనుల జాబితా, మట్టాల కొలతలు, కొలతల పుస్తకం నకలు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద రైతులు అడగవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. నీరు వదిలే తేదీ ప్రకటించేదాకా ఆగితే ఆ గడువు కాస్తా కాలువలు నిండాకే ముగుస్తుంది. దరఖాస్తు కాలువ కట్టిన వారంలోనే పడాలి.