గుర్తు చెరిపితే సరుకు పోదు

హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలోని చిన్న వర్క్‌షాపయినా, కృష్ణగిరిలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ అయినా, పాత కంప్యూటరు మార్చే రోజున ఒక ప్రశ్న వస్తుంది: ఇందులోని డిస్క్‌ను మనమే మళ్లీ వాడుకుందామా, అమ్మేద్దామా? ఈ రెండు పనులకూ చెరిపే తీరు వేరు. ఒకటే అనుకోవడంతోనే చిక్కులు మొదలవుతాయి.

ప్రతి ఫైల్ సిస్టమూ డిస్క్ మీద ఒక నిర్ణీత చోట తన గుర్తు పెట్టుకుంటుంది. లినక్స్‌లో బాగా వాడే ఇఎక్స్‌టి4కి మొదటినుంచి 1,080 బైట్లు దాటాక ఉండే రెండు బైట్లే గుర్తు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ మొట్టమొదటి నాలుగు బైట్లలోనే పెడుతుంది. బిటిఆర్‌ఎఫ్‌ఎస్ అయితే 65,600 బైట్ల దూరం వెళుతుంది. డిస్క్ తగిలించగానే కంప్యూటరు ఈ చోట్లన్నీ చూసి, లోపల ఏముందో తేల్చుకుంటుంది. పాత గుర్తు మిగిలిపోతే కొత్త ఏర్పాటులో తికమక తప్పదు. మొదటి కొన్ని మెగాబైట్లను సున్నాలతో నింపితే చాలనుకుంటారు గానీ, చాలదు. జిపిటి విభజన పట్టిక రెండో ప్రతి డిస్క్ చివర ఉంటుంది. పలు డిస్కులను ఒకటిగా కలిపే లినక్స్ రెయిడ్ రకాల్లో కొన్ని తమ వివరాలను చివరే రాసుకుంటాయి. ఎప్పుడో విడదీసిన రెయిడ్ కొత్త సర్వరులో మళ్లీ లేచి కూర్చోవడానికి కారణం అదే.

వీటిని వెతికి చెరపడానికే యుటిల్-లినక్స్‌లో వైప్‌ఎఫ్‌ఎస్ అనే ఆదేశం ఉంది. డిస్క్ పేరొక్కటే ఇస్తే ఏమీ చెరపదు, ఏ గుర్తు ఎక్కడుందో చూపి ఊరుకుంటుంది. మొదట ఆ జాబితా చదవాలి. చెరిపేటప్పుడు బ్యాకప్ అని కూడా అడిగితే, తీసేసే బైట్లను ఒక ఫైలులో దాస్తుంది. పొరపాటు జరిగితే వాటిని తిరిగి అదే చోట రాయవచ్చు. అయితే అసలు ప్రమాదం అంతకుముందే ఉంది. డిస్కులకు లినక్స్ పెట్టే ఎస్‌డిఎ, ఎస్‌డిబి అనే పేర్లు కంప్యూటరు ఆపి మళ్లీ వేసినప్పుడల్లా మారవచ్చు. అందుకే పేరును నమ్మకుండా డిస్క్ పరిమాణం, మోడలు, సీరియల్ నంబరు ఎల్‌ఎస్‌బిఎల్‌కె అనే ఆదేశంతో సరిచూసి, అన్‌మౌంట్ చేశాకే చెయ్యి వెయ్యాలి.

మామిడి పెట్టె మీది మండీ గుర్తు తుడిచినంత మాత్రాన లోపలి కాయలు పోవు గదా. వైప్‌ఎఫ్‌ఎస్ చేసేదీ అంతే. జీతాల పట్టికలు, కొనుగోలుదార్ల లెక్కలు, పనివాళ్ల ఆధార్ నకళ్లు అన్నీ ఉన్నచోటే ఉంటాయి. సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఎంఐటీ పరిశోధకులు 158 పాత హార్డ్ డిస్కులు కొని పరిశీలించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. క్రెడిట్ కార్డు నంబర్లు వేలల్లో దొరికాయి. కాబట్టి అమ్మే హార్డ్ డిస్క్‌ను మొదటినుంచి చివరిదాకా ఒకసారి తిరగరాయాలి. ఎస్‌ఎస్‌డీలో మనం రాసేది పాత డేటా ఉన్న చోటే పడుతుందన్న హామీ లేదు, దానిలోనే ఉండే సెక్యూర్ ఎరేజ్‌ను వాడాలి. పనిచెయ్యని డిస్క్‌ను అమ్మకండి, విరగ్గొట్టించండి.

దీనికి ఎదురు బాధ ఒకటి, పోకూడనిది పోతుందేమోనన్నది, నన్ను ఎక్కువగా వేధిస్తుంది. 2006లో తమిళనాడు తమిళాన్ని బళ్లలో తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాక, హోసూరు చుట్టుపక్కల తెలుగు చదువు కుదించుకుపోయింది. బాగలూరు, బేరికె, సూళగిరి పల్లెల పెద్దల మాట, పాట, కత ఇప్పుడు ఫోన్లలో, డిస్కుల్లో రికార్డవుతున్నాయి. వాటిలో చాలావాటికి అచ్చు పుస్తకం అండ లేదు. అలాంటి డిస్క్ ఏదైనా ఇంట్లో ఉంటే, ఏ ఆదేశమూ ఇవ్వకముందే దాన్ని ఇంకో రెండు చోట్లకు నకలు తీసి, ఆ నకళ్లను వేరే కంప్యూటరులో తెరిచి, వినండి. గొంతు వినిపించిందని తేలాకే పాత డిస్క్ సంగతి చూడండి.